హైకోర్టు జడ్జి పదవికి మార్కులు వేసేదెవరు?

యాంకర్: నమస్కారం. ఫలానా లాయర్ని హైకోర్టు జడ్జిగా సిఫారసు చేశారని వార్త వస్తుంది. ఏం చూసి ఎంచారో మాత్రం జనానికి తెలియదు. జడ్జిగారూ, మీరు జిల్లా జడ్జిగా రిటైరయ్యారు. కింది కోర్టుల నుంచి వెళ్లేవాళ్లలో ఏం చూస్తారండీ?

విశ్రాంత జిల్లా జడ్జి: మా సర్వీసంతా కాగితం మీదే ఉంటుందమ్మా. ఏటా రాసే రహస్య నివేదికలు, విజిలెన్స్ రిపోర్టు, తేల్చిన కేసుల లెక్క. పైగా మా తీర్పులు తెప్పించి ఒక కమిటీ చదివి గ్రేడ్ వేస్తుంది.

యాంకర్: మరి లాయర్లకు?

సీనియర్ న్యాయవాది: చిక్కంతా అక్కడే. లాయర్లు తీర్పులు రాయరు కదా. అందుకని లా జర్నల్స్‌కెక్కిన కేసులు, గత ఐదేళ్ల వృత్తి ఆదాయం, కేంద్ర నిఘా సంస్థ ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో) రిపోర్టు చూస్తారు. ఆ హైకోర్టు సంగతి తెలిసిన సుప్రీంకోర్టు జడ్జీలనూ అడుగుతారు. వయసు మామూలుగా 45 నుంచి 55 మధ్య ఉండాలి. ఈ ఆదాయం సంగతే నాకు మింగుడుపడదు. భూమి పోయిన రైతుల కేసులు ఫీజు లేకుండా వాదించే లాయర్ ఐటీ రిటర్న్‌లో ఏం కనిపిస్తుంది?

జడ్జి: ప్రాక్టీసు నిజంగా ఉందా లేదా అని చూడటానికే అది. ఇంకో ఆధారం ఏముంది?

న్యాయవాది: కోర్టు రికార్డులున్నాయి కదా సార్! ఏ కేసులో ఎవరు వాదించారో ఆర్డర్లలోనే ఉంటుంది. ఎదుటి పక్షం లాయర్లను అడగొచ్చు. అమెరికాలో లాయర్ల సంఘం, అమెరికన్ బార్ అసోసియేషన్, 1953 నుంచి ఫెడరల్ (కేంద్ర కోర్టుల) జడ్జి అభ్యర్థులను పరిశీలిస్తోంది. నిజాయతీ, సామర్థ్యం, జడ్జికి తగిన స్వభావం ఉన్నాయో లేదో తోటి లాయర్లను, జడ్జీలను అడిగి, పూర్తి అర్హత, అర్హత, అనర్హత అని మూడు రకాలుగా రేటింగ్ ఇస్తుంది. 2025లో ట్రంప్ ప్రభుత్వం తమ అభ్యర్థులు ఆ ఇంటర్వ్యూలకు వెళ్లరని చెప్పేసింది. అది వేరే గొడవ.

జడ్జి: స్వభావం ఫైల్లో కనపడదు, నిజమే. 2024 చివర్లో మన సుప్రీంకోర్టు కొలీజియం, అంటే జడ్జీల పేర్లు సిఫారసు చేసే సీనియర్ జడ్జీల బృందం, హైకోర్టు అభ్యర్థులను పిలిచి నేరుగా మాట్లాడింది. చాలా మంచి పని.

యాంకర్: పేరు ఆగిపోయినవాళ్లకు కారణం చెబుతారా?

న్యాయవాది: అదే నా బాధమ్మా. కొలీజియం సమావేశాల్లో ఎవరేమన్నారో రాసిపెట్టాలని (మినిట్స్) అప్పటి సుప్రీంకోర్టు జడ్జి, కొలీజియం సభ్యుడు జస్టిస్ చలమేశ్వర్ 2016లో పట్టుబట్టారు. మన కృష్ణా జిల్లావారే. 2017 అక్టోబరులో తీర్మానాలు వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది. అయినా కారణాలు అన్నిసార్లూ ఉండవు.

జడ్జి: తిరస్కరించిన కారణం ఊరందరికీ చెబితే ఆ మనిషి మర్నాడు అదే కోర్టులో ఎలా వాదిస్తాడు? క్లయింట్లు ఎవరొస్తారు?

న్యాయవాది: అందరికీ వద్దు సార్. ఆ ఒక్కరికే రాతపూర్వకంగా పంపమంటున్నాను.

జడ్జి: దానికి నేనూ ఒప్పుకుంటాను. ఐబీ రిపోర్టులో తప్పుంటే జవాబు చెప్పుకోవడానికి కొంత గడువూ ఇవ్వాలి.