పెన్సిల్ తీయడానికి ముందు

అందరికీ నమస్కారం.

లోగో కావాలని వచ్చే క్లయింట్ ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. "సింపుల్‌గా ఉండాలండీ, కానీ కొట్టొచ్చినట్టు కనిపించాలి." ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆ మాట చెవిన పడగానే ల్యాప్‌టాప్ తెరిచి గీసేయడం మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదటి మీటింగ్‌లో ఒక్క గీత కూడా గీయను. అడుగుతాను, రాసుకుంటాను.

ఈ లోగో ఎక్కడెక్కడ వాడతారు? బోర్డు మీదా, ఫోన్ తెర మీదా, బట్ట మీద కుట్టిస్తారా, రబ్బరు స్టాంపు చేయిస్తారా? ఎంత దూరం నుంచి చూస్తారు? మీ పోటీదారులు ఏ రంగులు వాడుతున్నారు? చివరి మాట ఎవరిది? ఈ చివరిది అడగడం మర్చిపోతే, పనంతా అయ్యాక అంతవరకూ మనకు కనపడని భాగస్వామి ఒకరొచ్చి "నాకు నచ్చలేదు" అంటారు. మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఈ ప్రశ్నల విలువ నాకు ఒక టోపీ నేర్పింది. ఒక క్లయింట్‌కి ఎగిరే పక్షి గీశాను. సన్నటి గీతలతో ఈకలు, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయే మూడు రంగులు. తెర మీద చూసి అందరూ మెచ్చుకున్నారు. తర్వాత దాన్ని టోపీల మీద కుట్టించారు. అంత సన్నటి గీతలు దారంతో రావు కదా, ఈకలన్నీ కలిసి ముద్దయిపోయాయి. "ఇందులో పక్షి ఎక్కడుందండీ?" అని వాళ్లు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తోచలేదు. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను. పద్దెనిమిది గీతల్లో మూడే మిగిలాయి. పక్షి అప్పుడే బాగా ఎగిరింది.

అప్పటినుంచి మొదట నలుపు తెలుపుల్లోనే చేస్తున్నాను, అదీ కాగితం మీద, బొటనవేలంత సైజులో. రంగు చూపిస్తే క్లయింట్ చర్చంతా రంగు మీదే నడుస్తుంది, ఆకారం బలహీనంగా ఉన్నా ఎవరికీ పట్టదు.

బొమ్మలు చాలా గీయాలి. కొరియర్ కంపెనీ ఫెడెక్స్ లోగో మీకు తెలుసు. 1994లో లిండన్ లీడర్ అనే డిజైనర్ చేసిన పని అది. ఆయన బృందం రెండు వందలకు పైగా నమూనాలు చేసింది. ఇంగ్లీషు ఇ, ఎక్స్ అక్షరాల మధ్య ఖాళీలో ఒక బాణం కనిపిస్తుంది. దాన్ని విడిగా గీసి అతికించలేదు. అక్షరాల ఆకారాలనే సవరిస్తూ పోతే ఆ ఖాళీ బాణంగా కుదిరింది. నాకు చాలా ఇష్టమైన పని అది.

ఇక కంటి సంగతి. గుండ్రం లోపల ప్లే బటన్ త్రిభుజాన్ని స్కేలు పెట్టి కొలిచి సరిగ్గా మధ్యలో పెట్టండి. ఎడమకు జరిగినట్టు కనిపిస్తుంది. కాస్త కుడికి జరిపితేనే కుదురుతుంది. స్కేలు ఒకటి చెప్పి కన్ను ఇంకొకటి చెప్పినప్పుడు నేను కంటి మాటే వింటాను.

క్లయింట్‌కి ఎన్ని చూపించాలి? 1986లో స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ అనే కంప్యూటర్ కంపెనీకి డిజైనర్ పాల్ రాండ్ ఒకే ఒక్క లోగో ఇచ్చారు. ఆ రూపం ఎలా వచ్చిందో వివరించే చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. నేను రెండు చూపిస్తాను. మూడోది పెట్టామంటే, "దీని తల తీసి దానికి పెట్టండి" అనే మాట వస్తుంది. రెండింటినీ ఖాళీ కాగితం మీద కాకుండా బోర్డు మీదా, ఫోన్ తెర మీదా పెట్టి చూపిస్తాను. "ఎందుకో నచ్చలేదు" అంటే బాధపడను. "మీ చూపు ముందు ఎక్కడికి పోయింది?" అని అడుగుతాను. లోపం ఎక్కువసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది.

ఆ ముద్దయిన టోపీ ఒకటి నా దగ్గరే దాచుకున్నాను. ఇదిగో, ముందు వరుస నుంచి చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. రెండోసారి కుట్టించింది కూడా ఇస్తున్నాను. రెండింటినీ చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూడండి.