గాలికి వేసిన ప్రశ్న, దేవునికి పెట్టిన మొర

[తెర మీద: గిటార్ తీగల మీద ఒక చెయ్యి. కాసేపు మాటలు లేవు.]

1962లో బాబ్ డిలన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ అనే పాట రాశాడు. మూడు చరణాలు, తొమ్మిది ప్రశ్నలు. ఒక మనిషిని మనిషిగా ఒప్పుకోవడానికి అతను ఇంకా ఎంత దూరం నడవాలి? ఎంతమంది చనిపోతే ఇక చాలనిపిస్తుంది? జవాబు మాత్రం గాలిలోనే ఉందంటాడు. మరుసటి ఏడాది ఆగస్టు 28న, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన వాషింగ్టన్ సభలో పీటర్, పాల్ అండ్ మేరీ బృందం ఈ పాటే పాడింది.

ఇలాంటి పాట వింటే మన విశ్వాసుల్లో చాలామందికి లోపల ఒక టెన్షన్. ప్రశ్న అడిగితే విశ్వాసం తగ్గినట్టే అనుకుంటాం. అన్యాయం గురించి ఎవరైనా అడిగితే ‘అంతా దేవుని చిత్తం’ అనేసి మాట మారుస్తాం. నేనూ చాలాసార్లు అలాగే చేశాను. అది తప్పు.

[తెర మీద: తెరిచిన బైబిల్, 13వ కీర్తన]

“యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” ఎన్నాళ్లు, ఎంత కాలము, ఎంతవరకు అంటూ మొదటి రెండు వచనాల్లోనే కీర్తనకారుడు మళ్లీ మళ్లీ అడుగుతాడు. హబక్కూకు ప్రవక్త గ్రంథమూ దాదాపు ఇదే ప్రశ్నతో మొదలవుతుంది. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలోనైతే, దేవుని వాక్యం కోసం ప్రాణమిచ్చినవాళ్లు బలిపీఠం కింద నుంచి ‘ఎందాక’ అని కేకలు వేస్తారు. దేవుని సన్నిధికి చేరాక కూడా ఆ ప్రశ్న ఆగలేదు!

డిలన్ పాటకీ ఈ కీర్తనకీ తేడా ఒక్కటే. కీర్తన దేవుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: మొర. గొణుక్కోవడానికి ఎవరూ వినక్కర్లేదు. మొర పెట్టుకోవాలంటే ఆలకించేవాడు ఉండాలి. ‘ఎన్నాళ్లు?’ అని దేవుణ్ణి నిలదీసే మనిషి ఆయన మీద ఆశ వదులుకోలేదు.

[తెర చీకటి అవుతుంది.]

సిలువ మీద యేసు కూడా అడిగాడు: “నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?” తెలుగు బైబిల్లో ఆ ‘చెయ్యి విడిచితివి’ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. జనంలో తండ్రి వేలు జారిపోయిన పిల్లవాడి మాట అది. ఆ ప్రశ్నకి అప్పుడు ఆకాశం నుంచి జవాబు రాలేదు. మూడో రోజు సమాధి ఖాళీ అయింది. లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి. తోమాకి చూపించింది ఆ చేతులే. గాయం జరగలేదని చెప్పే నిరీక్షణ కాదు మనది.

[తెర మీద: పాత నలుపు తెలుపు ఫోటో, ఫ్యాక్టరీ గేటు]

1900ల మొదట్లో ఫిలడెల్ఫియా పాస్టర్ చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ, ఒకనాడు నేను జయిస్తాను అనే భావంతో ఒక కీర్తన రాశారు. అమెరికా నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమ గీతమైన ‘వి షల్ ఓవర్‌కమ్’ (మేము జయిస్తాం) మూలాల్లో దాన్ని ఒకటిగా చెబుతారు. 1945-46 చలికాలంలో అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో ఒక సిగార్ ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. సమ్మె చేసినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. గుడిలో ‘నేను’ అని పాడుకున్న పాటని వాళ్లు గేటు దగ్గర ‘మేము’ అని మార్చి పాడారు. లూసిల్ సిమ్మన్స్ అనే కార్మికురాలు ఒక్కో మాటనీ సాగదీసి, చాలా నెమ్మదిగా ఎత్తుకునేది. మిగతావాళ్లు అందుకునేవాళ్లు. సమ్మె నెలల తరబడి సాగింది. గేటు ఇంకా తెరుచుకోలేదు, వాళ్లు పాడుతూనే ఉన్నారు.