అక్క డబ్బాలో 83 ఖాళీ సాచెట్లు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన 15 నిమిషాల్లో 5 అక్కడే పోతాయి, అందుకని వదిలేస్తున్నాను, ఏమీ అనుకోకండి. కార్యదర్శి గారు నాకు పెట్టిన పని చిన్నదే. "మీరు ల్యాబ్‌లో 31 ఏళ్ళు చేశారు కదండీ, ఇంట్లో విటమిన్ డి ఎలా చూసుకోవాలో మనవాళ్ళకి ఒకసారి చేసి చూపించండి" అన్నారు. కిట్ తెచ్చాను, బల్ల మీద ఉంది.

ఇంట్లో పరీక్ష అంటున్నాం గానీ మనలో ఎక్కువమందికి జరిగేది ఇంట్లో రక్తం తీయడం మాత్రమే. ఫోన్లో బుక్ చేస్తాం, పొద్దున్నే ఒక కుర్రాడు ఐస్ బాక్సు పట్టుకుని వస్తాడు, జబ్బకి రబ్బరు పట్టీ కట్టి ఒక ట్యూబు రక్తం తీసుకుపోతాడు, పరీక్ష ల్యాబ్‌లో మిషన్ చేస్తుంది. అది పర్వాలేదు. పరగడుపున ఉండమంటారు, నిజానికి విటమిన్ డి ఒక్కదానికే అయితే అక్కర్లేదు, ప్యాకేజీలో షుగరూ కొలెస్ట్రాలూ కూడా కలిపేస్తారు కాబట్టి ఆ మాట. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు మింగేవాళ్ళు మాత్రం ముందే చెప్పండి, కొన్ని మిషన్లలో అది లెక్క తప్పిస్తుంది. రెండో రకం, వేలు గుచ్చి అట్ట మీద గుండ్రాల్లో చుక్కలు పెట్టి, ఆరబెట్టి ల్యాబ్‌కి పంపేది. మూడోది ఇదిగో ఈ స్ట్రిప్పు, చుక్క వేస్తే 10, 15 నిమిషాల్లో గీత వస్తుంది. ఇందులో ఒక తిరకాసుంది. ఇలాంటివాటిలో చాలావరకు డి తక్కువైతే గీత ముదురుగా పడుతుంది, ఎక్కువైతే పాలిపోతుంది. ప్రెగ్నెన్సీ కిట్ అలవాటుతో చూశారంటే తలకిందులుగా చదువుతారు. ఆ రంగు చూసి ఇది 18, ఇది 24 అని చెప్పమంటే ఈ కళ్ళజోడుతో నావల్ల కాదు.

అంకెల దగ్గర నేనే బోల్తా పడ్డాను. లండన్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, నాకు డి 45 వచ్చింది" అంటే "భేష్, ఇంకేం" అన్నాను. వాళ్ళ లెక్క లీటరుకి నానోమోల్స్‌లో! మన మిల్లీలీటరుకి నానోగ్రాముల్లోకి రావాలంటే రెండున్నరతో భాగించాలి, అంటే 18. ఇరవై లోపల, అంటే తక్కువే. వాళ్ళ డాక్టర్ చెప్పాక నాకు వెలిగింది. రిపోర్టులో అంకె పక్కనున్న ఆ చిన్న అక్షరాలు చదవండి బాబూ.

అసలు సంగతి మా అక్కది. నేను ఒప్పుకున్నది కిట్ చూపించడానికే, కానీ మైకు చేతిలోకి వచ్చాక ఇది చెప్పకుండా ఉండలేను.

అక్కకి 71. ఒళ్ళు నొప్పులంటే ఇంటికే మనిషిని పిలిచి పరీక్ష చేయించుకుంది. డి 11 వచ్చింది. రిపోర్ట్ వాట్సాప్‌లో పంపింది. నేను చూసి ఫోన్లో అన్నాను, "రోజూ ఓ అరగంట ఎండలో కూర్చో, ఆ 60 వేల యూనిట్ల డి సాచెట్ పాలల్లో కలుపుకుని తాగు" అని. అంతే. వారానికి ఒకటి అనలేదు. ఎనిమిది వారాలు అనలేదు. డాక్టర్‌కి చూపించమనీ అనలేదు. మాత్ర చెప్పడానికి నేను డాక్టర్‌ని కాను, ల్యాబ్ టెక్నీషియన్‌ని. నేను "రోజూ" అన్నది ఎండకి. అక్క ఆ మాటని పాలక్కూడా వేసుకుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి, మనమందరం గోదావరి గట్టు మీద అయిదున్నరకి నడిచి "విటమిన్ డి అయిపోయింది" అనుకుంటున్నాం చూడండి, ఆ వేళప్పుడు అది రాదు. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా పడే వేళ ఎండ కావాలి, అదీ అద్దాల వెనక నుంచి కాదు. నడక మానమని కాదండోయ్!

అక్క సంగతి. మూడు నెలలు. సందు చివర మందుల షాపులో ఒక్కసారైనా చీటీ అడగలేదు, అడిగినన్ని ఇచ్చారు. ముందు మలబద్ధకం, తర్వాత వాంతులు, ఎంత తాగినా దాహం, రాత్రి అయిదారుసార్లు లేవడం. అందరం గ్యాస్ అన్నాం, వయసు అన్నాం. ఒకరోజు ఫోన్లో నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. అప్పుడు పరిగెత్తాను. రక్తంలో కాల్షియం 13 దాటింది, పదిన్నర లోపు ఉండాల్సింది. కిడ్నీల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పెరిగింది. విటమిన్ డి రిపోర్టులో అంకె కూడా లేదు, 150 కంటే ఎక్కువ అని మాత్రం రాశారు. మిషన్ అంతకు మించి కొలవదు. ఆరు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇది నీళ్ళలో కరిగి పోయే విటమిన్ కాదు, కొవ్వులో దాక్కుంటుంది, దిగడానికి నెలలు పట్టింది.

ఆసుపత్రి నుంచి బట్టల కోసం అక్క ఇంటికెళ్తే వంటింట్లో బిస్కట్ల డబ్బా కనిపించింది. అక్క ఏదీ పారేయదు. ఖాళీ సాచెట్లు కడిగి, ఆరబెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టుకుంది. వంటింటి గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. 83. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు చాలని మన హైదరాబాద్ పోషకాహార సంస్థ పుస్తకంలో ఉంది. 60 వేలంటే వంద రోజుల తిండి ఒక్క గుక్కలో. వారానికొకటి డాక్టర్ రాస్తే అది వైద్యం, దానికో లెక్కుంది.

మీలో ఎవరింట్లో ఆ సాచెట్లున్నాయో చేతులెత్తండి. చూశారా! డాక్టర్ చీటీ ఉన్నవాళ్ళే ఎత్తి ఉంచండి... సరే, దించేయండి.

అందుకే నాకీ కిట్ అంటే భయం. గుచ్చుకోవడం సులువు, గీత చూడటమూ సులువే, ఆ తర్వాత అందరి కాళ్ళూ షాపు వైపే నడుస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఊరికే ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదని 2024లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ, అంటే హార్మోన్ల డాక్టర్ల సంఘం వాళ్ళు కూడా అన్నారు. ఎముకలు గుల్లబారినవాళ్ళు, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళు, వీళ్ళ సంగతి వేరు, వీళ్ళు డాక్టర్‌ని అడిగి చేయించుకోవాలి. మళ్ళీ పరీక్ష ఎప్పుడంటారా, మందు మొదలెట్టాక మూడు నెలలన్నా ఆగాలి, వారం వారం గుచ్చుకుంటే డబ్బు దండగ.

టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది, ఒప్పుకున్న పని చేసేస్తాను. కార్యదర్శి గారూ, చేతులు గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుని రండి. ఉంగరం వేలు ఇలా ఇవ్వండి, మధ్యలో వద్దు, పక్క నుంచి గుచ్చుతాను. మొదటి చుక్క తుడిచేస్తాం. పిండకండి, పిండితే రక్తంతో పాటు నీరు కూడా వస్తుంది. చెయ్యి కిందికి వేలాడేసి ఉంచండి, దానంతటదే వస్తుంది.