అమ్మకి ఏం చేద్దాం అని కొడుకుని అడిగినారు

అందరికీ నమస్కారం. ఆదోని నుంచి, పత్తికొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అక్కలు శానామంది ఉన్నారు, మీ బస్సు టైముకి వదిలేస్తాలే.

నేను ఈ కర్నూలులోనే 26 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసినా. రిటైరయ్యే ముందు నాకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఎడమ పక్క రేగ్గాయంత గడ్డ. డాక్టరు రూములోకి ముగ్గురం పోయినాం, నేను, మా ఆయన, మా పెద్దోడు. డాక్టరు రిపోర్టు చూసి మా పెద్దోని వైపు తిరిగి "అమ్మకి మొత్తం తీసేద్దామా" అన్నాడు, వాడు వాళ్ళ నాయన ముఖం చూసినాడు, మా ఆయన తలూపినాడు, అంతే అయిపోయింది. రిపోర్టు కవరు నా ఒళ్ళోనే ఉంది, దాని మీద ఉండేది నా పేరే, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఎంతమందికో కన్సెంట్ ఫారం పట్టుకుపోయి ఇక్కడ సంతకం పెట్టమ్మా అని వేలు చూపించినదాన్ని, ఆ రోజు నా నోరు కూడా లేవలేదు.

గడ్డ చిన్నదైతే దాన్నీ దాని చుట్టూ రొంత కండనీ మాత్రం తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తే రొమ్ము మిగుల్తుంది. అట్ల చేస్తే ప్రాణానికి ముప్పేమో అనే భయం అందరికీ ఉంటుంది కదా, దానికి జవాబు ఎప్పుడో వచ్చింది. అమెరికాలో 1976లో మొదలైన ఒక స్టడీలో 1,851 మంది ఆడోళ్ళని 20 ఏళ్ళు చూసినారు, 2002లో రిజల్ట్ చెప్పినారు. మొత్తం తీసినోళ్ళూ, గడ్డ మాత్రం తీయించుకున్నోళ్ళూ బతకడంలో తేడా లేదు. అయితే రేడియేషన్ లేకుండా గడ్డ ఒక్కటే తీస్తే నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది, రేడియేషన్ తీసుకున్నోళ్ళలో 14 మందికి. అందుకే రొమ్ము ఉంచుకుంటా అంటే రేడియేషన్‌కి కూడా ఒప్పుకున్నట్టే, మధ్యలో మానేస్తే కుదరదు.

అందరికీ ఈ దారి ఉండదు. ఒకే రొమ్ములో యాడొకటి యాడొకటి గడ్డలుంటే, ఇంతకుముందే ఆ పక్క రేడియేషన్ తీసుకొని ఉంటే కష్టం. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి కరిగించి చూడొచ్చేమో అడగండి.

అంతమాత్రాన రొమ్ము ఉంచుకోవడమే గొప్ప అని నేననడం లేదు. పత్తికొండ పక్క ఊరి ఆమె ఒకామె అంతా విని, నాకు మొత్తం తీసేయండి అనింది. రేడియేషన్ అంటే 15 సిట్టింగులు, వారానికి అయిదు రోజుల లెక్కన మూడు వారాలు కర్నూలులో ఉండల్ల, ఇంట్లో రెండు ఎనుములు, పత్తి తీసే టైము. మళ్ళీ అక్కడే వస్తుందేమో అని రోజూ తడుముకుంటా బతకలేను అని కూడా అనింది. ఆమె లెక్క ఆమెకి కరెక్టు. మొత్తం తీసినా కొందరికి రేడియేషన్ తప్పదు, అది కూడా ఆమెకి ముందే చెప్పినారు, తెలిసే ఒప్పుకునింది.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఇంకొకామె మగ్గం నేస్తుంది. రొమ్ము సంగతి సరేలే, నా చెయ్యి లేస్తుందా చెప్పండి అని అడిగింది. చంకలో గ్రంథులన్నీ తీస్తే చెయ్యి వాచే అవకాశం ఉంటుంది, వాచినాక మగ్గం మీద కూర్చోవడం ఎట్లా? అన్నీ తీయకుండా ముందు రంగు ఎక్కించి మొదటి రెండు మూడు గ్రంథులు తీసి పరీక్ష చేస్తారు, వాటిలో జబ్బు లేకుంటే మిగతావి వదిలేస్తారు. ఆమె అడగబట్టి డాక్టరు ఆ మాట ఎత్తినాడు. స్కాన్‌లో గడ్డ సైజు కనపడుతుంది కానీ ఈమెది మగ్గం అని యాడ కనపడుతుంది?

నా సంగతి చెప్తా. ఆపరేషన్ అయినాక ఒక పక్క బరువు లేక భుజం ఒరిగిపోయేది. గుడ్డసంచిలో రాగులు పోసి కుట్టి జాకెట్ లోపల పెట్టుకున్నా, ఎండాకాలం చెమటకి రాగులు తడిసి వాసనొస్తే వారానికోసారి విప్పి మార్చేదాన్ని. వాళ్ళిద్దరిలాగా తెలిసి ఎంచుకొని ఉంటే నేనూ మొత్తం తీయించుకునేదాన్నేమో, నాకు తెలీదు. అడగలేదు కదా, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది. మేజరైన ఒకామె మత్తుమందు మీద ఉంటే, వెంటనే చేయకుంటే ప్రాణం పోతుందనేది కాని ఆపరేషన్‌కి ఆమె తల్లి ఒప్పుకునింది, అది చెల్లదు అనింది కోర్టు. తల్లి ఒప్పుకున్నదే చెల్లనప్పుడు మొగుడు తలూపితే ఎట్ల చెల్లుతుంది?

ఇంకొకటి, రొమ్ము క్యాన్సర్ చాలావరకు ఈ రాత్రికి రాత్రి కొయ్యాల్సిన జబ్బు కాదు. వారం పది రోజులు ఆలోచించుకునే టైము సాధారణంగా ఉంటుంది, నెలలు మాత్రం లాగొద్దు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద ఏ ట్రీట్‌మెంట్ ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళని ముందే అడగండి, డబ్బు భయంతో ఎంచుకున్నది మీ ఇష్టం అనిపించుకోదు.

రిపోర్టులు తెచ్చుకున్నోళ్ళు భోజనాలయినాక ఆ వేపచెట్టు కింద కూర్చోండి, నేను వచ్చి చూస్తా. కొడుకులూ మొగుళ్ళూ ఉంటే ఉండనీ, నేను ముందు మిమ్మల్నే అడుగుతా.