పిరమిడ్‌లో స్వర్ణ నిష్పత్తి: ఐదున్నర బెత్తెల లెక్క

అందరికీ నమస్కారం.

ఈజిప్టు రాజు ఖుఫూ పిరమిడ్‌ను కావాలనే స్వర్ణ నిష్పత్తితో కట్టారని కొందరంటారు. ముందు లెక్క ఒప్పేసుకుందాం. గీజాలో ఖుఫూ పిరమిడ్ ఉంది కదా, దాని అడుగు భుజంలో సగం తీసుకోండి. ముఖం నడిమధ్యగా అడుగు నుంచి శిఖరం దాకా పోయే వాలు పొడవును ఆ సగంతో భాగించండి. 1.6186 వస్తుంది. స్వర్ణ నిష్పత్తి, అంటే ఫై, 1.6180. వెయ్యిలో అర వంతు తేడా కూడా లేదు. కాబట్టి పిరమిడ్‌లో ఫై కనిపిస్తుందన్నది అబద్ధం కాదు. కట్టినవాళ్లు దాన్ని కావాలని పెట్టారా అన్నదే తగాదా.

దానికి జవాబు వాళ్ల కొలబద్దలో ఉంది. మన దగ్గర పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచే మూర తెలుసు కదా; పాత లెక్కలో అది ఆరు బెత్తెలు, 24 వేళ్లు. ఈజిప్టు మామూలు మూర కూడా అంతే. కట్టడాలకు మాత్రం రాజమూర వాడేవారు. దానికి ఒక బెత్తెడు ఎక్కువ: ఏడు బెత్తెలు, 28 వేళ్లు, దాదాపు 52.4 సెంటీమీటర్లు.

వాలును వాళ్లు డిగ్రీల్లో చెప్పుకోలేదు. గోడ మూరెడు ఎత్తు లేచేసరికి ఎన్ని బెత్తెలు లోపలికి జరగాలి? ఆ సంఖ్య పేరు సెకెద్. ఖుఫూ పిరమిడ్ సెకెద్ ఐదున్నర బెత్తెలు. నిలువు 28 వేళ్లు, అడ్డం 22 వేళ్లు ఉన్న చెక్క మూలమట్టం ఒకటి చేసి ఇస్తే చాలు, రాయి చెక్కేవాడు కోణం గురించి ఆలోచించాల్సిన పనే లేదు. అడుగు భుజం 440 మూరలు పెట్టుకుంటే ఎత్తు సరిగ్గా 280 మూరలు తేలుతుంది.

ఇప్పుడు అదే మూలమట్టాన్ని ఫై కోసం చేయాలనుకుందాం. అడ్డం 22 బదులు 22.012 వేళ్లు కావాలి. వేలు దాదాపు 1.87 సెంటీమీటర్లు, కాబట్టి తేడా పావు మిల్లీమీటరు కన్నా తక్కువ. గీత గీసే కుంచె మందమే అంతకన్నా ఎక్కువ! మొత్తం పిరమిడ్ ఎత్తులో ఈ తేడా సుమారు 8 సెంటీమీటర్లు. పైన రాళ్లు పోయి శిఖరమే దాదాపు 8 మీటర్లు తరిగిపోయిన కట్టడంలో ఆ 8 సెంటీమీటర్లను ఎక్కడ వెతుకుతాం? 1880లలో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ ఉత్తరం వైపు అడుగున మిగిలిన పైపూత రాళ్లను కొలిచి 51 డిగ్రీల 50 నిమిషాల 40 సెకన్లు అన్నాడు, ఒక నిమిషం పైచిలుకు అటూఇటూగా. సెకెద్ లెక్క, ఫై లెక్క, ఇంకొందరు చెప్పే π (వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య) లెక్క మూడూ ఆ హద్దులోనే పడతాయి. అంటే కొలిచి తేల్చే విషయం కాదిది. చుట్టుపక్కల చూసి తేల్చాలి.

చూద్దాం. ఈజిప్టులోనే మేదూమ్ అనే చోట ఉన్న పిరమిడ్‌ది ఇదే వాలు, అదీ ఖుఫూ కన్నా ముందుది. ఫై వాదులకు అనుకూలమేగా అంటారేమో. ఆగండి. ఖుఫూ తండ్రి స్నెఫెరు కట్టించిన ఎర్ర పిరమిడ్ వాలు సుమారు 43 డిగ్రీలు; అక్కడ మన నిష్పత్తి 1.4కు కూడా రాదు. ఖుఫూ కొడుకు ఖఫ్రే పిరమిడ్ సెకెద్ ఐదుంబావు బెత్తెలు, అంటే మన మేస్త్రీలు మూల కట్టడానికి వాడే 3-4-5 త్రిభుజమే. నిష్పత్తి 1.667. తండ్రి ఎర్ర పిరమిడ్‌లో పట్టించుకోని, కొడుక్కి అక్కర్లేని రహస్యం మధ్యలో ఖుఫూకు పవిత్రమైందనడం కష్టం. సెకెద్‌ను పావు, అర బెత్తెడు చొప్పున అటూఇటూ జరుపుతూ పోయారనుకుంటే అన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి.

బ్రిటిష్ మ్యూజియంలోని రైండ్ పపైరస్ అనే పాత ఈజిప్టు లెక్కల కాగితపు చుట్టలో 56 నుంచి 60 దాకా లెక్కలు ఈ బాపతువే. 57వ లెక్క: అడుగు 140 మూరలు, సెకెద్ ఐదు బెత్తెల ఒక వేలు, ఎత్తెంత? జవాబు 93 మూరల మూడో వంతు. అది ఖఫ్రే వాలే. అయితే ఆ పపైరస్ నకలు క్రీ.పూ. 1550 ప్రాంతానిది, ఖుఫూ తర్వాత వెయ్యేళ్లకు. అందుకని దానికన్నా గట్టి సాక్ష్యం మేదూమ్‌లోని 17వ నంబరు మస్తబా, అంటే వాలు గోడలు, చదునైన పైభాగం ఉన్న సమాధి. దాని నాలుగు మూలల దగ్గర నేల కింద ఎల్ ఆకారంలో ఇటుక గోడలు దొరికాయి. వాటి మీద మూరకో అడ్డగీత, వాటిని కోస్తూ గోడ వాలు చూపే ఏటవాలు గీత. నాలుగు మూరలు లేస్తే ఒక మూర లోపలికి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే గోడల అడుగులు వేర్వేరు మట్టాల్లో మొదలవుతాయి, పైకెళ్లాక ముఖాలు కలవవు. ఆ తంటా తప్పించుకోవడానికే ఈ గీతలు. కట్టేవాళ్ల చేతి పని ఇంత దగ్గరగా కనిపించే చోట్లు తక్కువ.

మరి ఈ కథ ఎక్కడ పుట్టింది? 1859లో లండన్‌లో జాన్ టేలర్ అనే ఆయన, పిరమిడ్ ఒక్కో ముఖం వైశాల్యం ఎత్తు వర్గానికి సమానమని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పినట్టు చదువుకున్నాడు. అలా ఉంటే ఫై రాక తప్పదు, గణితం ఒప్పే. కానీ హెరొడోటస్ అన్నది భుజం ఎనిమిది ప్లెథ్రాలు (గ్రీకుల పొడవు కొలత), ఎత్తూ అంతే అని. వైశాల్యం మాటే లేదు. పైగా ఆ ఎత్తు కూడా తప్పే.

ఇక ఖుఫూ పిరమిడ్ లోపలి రాజు గది. నేల 20 మూరలు, 10 మూరలు. ఎత్తు దాదాపు 11.18. ఈ వింత సంఖ్య నేల కర్ణంలో సగం. ఆ ఎత్తు పెడితే చిన్న గోడ కర్ణం 15 మూరలు, గది మూల నుంచి ఎదురు పైమూలకు 25 మూరలు వస్తాయి: 15-20-25, మళ్లీ 3-4-5. నాకైతే గదిలో అసలు అందం ఇదే. ఫై వాదులు మాత్రం నేల కర్ణానికి వెడల్పు కలిపి పొడవుతో భాగించి 1.618 చూపిస్తారు. నిజమే, కానీ పొడవు వెడల్పుకు రెండింతలున్న ఏ గదిలోనైనా అదే వస్తుంది, మీ ఇంటి హాల్లో కూడా.

తప్పు జరిగేది ఇక్కడే. ఒక గదికి పొడవు, వెడల్పు, ఎత్తు, మూడు ముఖ కర్ణాలు, ఒక గది కర్ణం: ఏడు పొడవులు, 21 జంటలు. కూడికలు కూడా ఒప్పుకుంటే ఇక అంతు లేదు. ఫోటో మీద గీతలు గీస్తే గీత మందమే ఫలితాన్ని మార్చేస్తుంది. మీరే పరీక్షించాలంటే ఏ రెండు పొడవులు పోలుస్తారో కొలవకముందే రాసి పెట్టుకోండి. మీటర్లను మూరల్లోకి మార్చండి. నిండు సంఖ్యలు వస్తే కట్టినవాడి లెక్క అదే అయ్యుంటుంది.

చివరగా, ఫై వాదులు ఎగిరి గంతేయదగ్గ కాగితం ఒకటి ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది: ఈజిప్టు రాజు నాలుగో రామ్సెస్ సమాధి పటం. శవపేటిక ఉండే గది పేరే అందులో 'బంగారు ఇల్లు'. ఎత్తు 10 మూరలు, పొడవు 16, అంటే 1.6! కానీ లేఖకుడు నిష్పత్తి రాయలేదు. పొడవు 16, వెడల్పు 16, ఎత్తు 10 అని రాశాడు. ఆ వెంటనే పని ఎంతవరకు వచ్చిందో రాశాడు: గీతలు గీయడం, ఉలితో చెక్కడం, రంగులు నింపడం, అన్నీ అయిపోయాయని.