ఎపిసోడ్ 37: నాలుగు మాటలు, ఒక సారీ

టీచరమ్మ: ఆన్ అయిందా? ఎర్ర లైటు వెలుగుతోంది, అయినట్టే. అందరికీ నమస్కారం. పోయిన ఎపిసోడ్‌కి వచ్చిన మెసేజ్‌లలో సగం ఆకుపచ్చ డస్టర్ గురించే, మాస్టారూ.

మాస్టారు: దాని గురించి నేను మాట్లాడను. చెప్పానుగా.

టీచరమ్మ: సరే, వద్దులెండి. ఈ రోజు టాపిక్, బడిలో పిల్లల ఆధ్యాత్మిక, నైతిక, సామాజిక, సాంస్కృతిక వికాసం.

మాస్టారు: ఊపిరి తీసుకో తల్లీ. ఇన్‌స్పెక్షన్ ఫైలు మీద అంటించే పేరులా ఉంది.

టీచరమ్మ: అక్కడి నుంచే వచ్చింది మరి. ఇంగ్లండ్‌లో 1944 విద్యా చట్టంలో ఆధ్యాత్మిక, నైతిక, మానసిక, శారీరక అని ఉండేది. 1988 చట్టంలో సాంస్కృతిక చేరింది. 1992లో బడుల తనిఖీకి ఆఫ్‌స్టెడ్ పెట్టినప్పుడు, ఇన్‌స్పెక్టర్లు ఈ నాలుగింటి మీదా రిపోర్టు ఇవ్వాలన్నారు, సామాజిక అనే మాట అప్పుడొచ్చి మిగతా వాటి పక్కన కూర్చుంది.

మాస్టారు: పిల్లాడి ఆధ్యాత్మికత మీద రిపోర్టా! ఏమని రాస్తారు? "ఫర్వాలేదు, ఇంకా కృషి చెయ్యాలి" అనా?

టీచరమ్మ: (నవ్వు) నాకు మాత్రం ఆ మాట ఈ మధ్యే అర్థమైంది. లెక్కల క్లాసులో ఒకడు చెయ్యెత్తి, "టీచర్, నేను పుట్టకముందు ఎక్కడున్నాను?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ముందు ఆ భాగహారం చెయ్" అన్నాను. వాడు తల వంచుకుని చేశాడు, ఆన్సరు కూడా కరెక్టే. ఆధ్యాత్మికం ఆ రోజుకి అక్కడితో సరి.

మాస్టారు: నువ్వేం చెప్పాల్సింది?

టీచరమ్మ: ఏమీ చెప్పక్కర్లేదు. "నాకూ తెలీదురా, నీకేమనిపిస్తుంది?" అంటే సరిపోయేది. సాంస్కృతికం గురించి నేనసలు మాట్లాడను, మన బడుల్లో అదంటే వార్షికోత్సవానికి ముందు పదిహేను రోజులు పాఠాలు ఆపేసి డాన్సు నేర్పించడం. ఇక సామాజికం...

మాస్టారు: దానికి చీపురు చాలు.

టీచరమ్మ: వచ్చేసింది! ఎన్నో నిమిషం? పోయినసారి పదకొండో నిమిషం దాకా ఆగారు.

మాస్టారు: నవ్వు, నవ్వు. జపాన్‌లో పిల్లలే తరగతి గది ఊడుస్తారు, మెట్లు తుడుస్తారు. చిన్న క్లాసూ పెద్ద క్లాసూ అని లేదు, అందరికీ వంతు. నీతిని వాళ్ళు 2018లో ప్రాథమిక బడుల్లో, 2019లో ఆ పై మూడు క్లాసుల్లో ప్రత్యేక సబ్జెక్టు చేశారు, పాఠ్యపుస్తకాలూ ఉన్నాయి, కానీ దానికి మార్కులు వెయ్యరు, పిల్లాడి గురించి టీచరు మాటల్లో రాయాలి. ఆ పుస్తకం రాకముందే చీపురు ఉంది, అదీ నేననేది.

టీచరమ్మ: మా బడిలోనూ ఉంది మాస్టారూ. హోంవర్కు చెయ్యనివాడి చేతికిస్తారు.

మాస్టారు: అది వేరు.

టీచరమ్మ: ఏం వేరు? అదే చీపురు కదా. పైగా ఎప్పుడూ ఆ నలుగురి చేతికే వెళ్తుంది, ఆ నలుగురూ ఎవరో మీకూ తెలుసు నాకూ తెలుసు.

మాస్టారు: ...అవును. అందుకే వంతు అన్నాను. వంతు అంటే టీచరుకీ వంతే. సరే, నైతికానికి రా, దానికోసమే కదా నీ తాపత్రయం.

టీచరమ్మ: మూడో క్లాసులో మొన్న జరిగింది చెప్తాను. ఒకమ్మాయి బొమ్మ వేసుకుంటోంది, వెనక బెంచీ వాడు పరిగెత్తుకొచ్చి మూత సరిగ్గా పెట్టని వాటర్ బాటిల్ తన్నాడు. నీళ్ళన్నీ బొమ్మ మీద. నీలం రంగంతా కారిపోయి కింద ఇల్లు కొట్టుకుపోయింది. ఆ పిల్ల ఏడవలేదు కూడా, కాగితం మూలలు పట్టుకుని అలా చూస్తోంది. నేను వాణ్ని పిలిచి "సారీ చెప్పు" అన్నాను. వాడు కిటికీ వైపు చూసి "సారీ" అన్నాడు. "దానికేసి చూసి చెప్పు" అన్నాను. చెప్పాడు. ఆ అమ్మాయి "ఇట్సోకే" అంది. అయిపోయింది, ఇద్దరూ కూర్చున్నారు. నాకు మాత్రం ఆ రోజంతా ఒకటే అనిపించింది, ఇప్పుడు నేను ఇద్దరి చేతా అబద్ధం ఆడించాను అని.

మాస్టారు: అబద్ధమేమిటమ్మా? తప్పు చేశాడు, సారీ చెప్పాడు.

టీచరమ్మ: వాడికి బాధ లేదు, ఆ పిల్లకి కోపం పోలేదు. సారీ అంటే టీచర్ వదిలేస్తుంది అన్నది ఒక్కటే నేర్పాను. అది టోల్‌గేట్ లాంటిది, కట్టేసి వెళ్ళిపోవడమే.

మాస్టారు: నేనొప్పుకోను. ముందు నోరు తిరగాలి, తర్వాతే మనసు. అక్షరాలు దిద్దించినప్పుడు అర్థం తెలిసి దిద్దాడా? చెయ్యి పట్టుకుని దిద్దిస్తే పదేళ్ళకి వాడే ఉత్తరం రాస్తాడు. సారీ కూడా అంతే, నువ్వు చెప్పించకపోతే వాడి నోటికి ఆ మాటే రాదు. పెద్దయ్యాక భార్యకీ చెప్పడు.

టీచరమ్మ: చెప్పించిన వాళ్ళు చెప్తున్నారా?

మాస్టారు: అది మళ్ళీ వేరే ఎపిసోడు.

టీచరమ్మ: కాదు, వినండి. పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన, 1932 నాటి మాట. పిల్లలకి రెండు కథలు చెప్పేవాడు. ఒకడు తలుపు తోస్తాడు, తలుపు వెనక కప్పులున్నాయని వాడికి తెలీదు, పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు దొంగతనంగా జామ్ తీసుకోబోయాడు, ఒక్క కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు అంటే చిన్న పిల్లలు ఎక్కువగా పదిహేను పగలగొట్టినవాడిది అన్నారు. కాస్త పెద్దవాళ్ళేమో జామ్ వాడిది అన్నారు. నేను మూడో క్లాసు వాడి విషయంలో లెక్కపెట్టింది కప్పులే కదా! వాడు కావాలని తన్నాడా, మూత ఎవరు పెట్టలేదు, ఎందుకు పరిగెత్తాడు, ఒక్క ముక్క అడగలేదు.

మాస్టారు: ముప్పై అయిదు మంది క్లాసులో జామ్ ఎంక్వయిరీ పెడతావా? పీరియడ్ నలభై నిమిషాలు!

టీచరమ్మ: మరి సిలబస్‌లో నైతిక వికాసం అని ఎందుకు రాసుకుంటున్నాం?

మాస్టారు: అరవకు. మైకు పగులుతుంది.

టీచరమ్మ: అరవట్లేదు, నా గొంతే అంత. ఇంకోటి. 1920ల చివర్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అని ఇద్దరు దాదాపు పదకొండు వేల మంది పిల్లల్ని పరీక్షించారు. ఒక పరీక్ష భలేగా ఉంటుంది. పిల్లలు ఆన్సర్లు రాశాక పేపర్లు తీసుకుని గుట్టుగా నకలు రాసి పెట్టుకుని, మర్నాడు పేపరూ కీ రెండూ వాళ్ళకే ఇచ్చి మీరే దిద్దుకోండి అన్నారు. ఎవరు మార్చారో తెలిసిపోతుంది కదా. తేలిందేమంటే, ఇక్కడ మోసం చేసినవాడు అక్కడ చెయ్యలేదు, అక్కడ చేసినవాడు ఇక్కడ బుద్ధిగా ఉన్నాడు. వీడు నిజాయితీపరుడు, వీడు దొంగ అని ముద్ర వెయ్యడానికి పెద్దగా వీల్లేకపోయింది.

మాస్టారు: ...పదకొండు వేల మందా.

టీచరమ్మ: దాదాపు. ఏమైంది, మీరు మాట్లాడటం ఆపేశారేమిటి? చీపురు తేవట్లేదే.

మాస్టారు: ముద్ర అన్నావు కదా. (ఆగి) ఒకసారి నా టేబుల్ మీద పిల్లల ఫీజు డబ్బుల కవరు కనపడలేదు. ఇంటర్వెల్‌లో గదిలో ఒక్కడే ఉన్నాడు, అంతకుముందు ఎవరిదో పెన్ను తీశాడని వాడికి పేరుంది. అందరి ముందూ వాడి సంచీ బోర్లించాను. పుస్తకాలు, విరిగిన స్కేలు, ఒక గోళీ. గోళీ దొర్లుకుంటూ వెళ్ళి బోర్డు కింద ఆగింది. కవరు లేదు. "ఎక్కడ దాచావురా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. మర్నాడు నా హాజరు పట్టీ మధ్యలో దొరికింది, నేనే పెట్టుకున్నాను.

టీచరమ్మ: చెప్పారా వాడికి?

మాస్టారు: లేదు.

టీచరమ్మ: క్లాసుకి?

మాస్టారు: కవరు దొరికిందర్రా అన్నాను. అంతే. ఆ వారమంతా బోర్డు తుడిచే పని వాడికే ఇచ్చాను. అప్పట్లో నా క్లాసులో అది గొప్ప, పిల్లలు పోటీ పడేవాళ్ళు. అదే నా సారీ అనుకున్నాను.

టీచరమ్మ: వాడూ అలాగే అనుకున్నాడంటారా?

మాస్టారు: తెలీదు.

టీచరమ్మ: శిక్ష అనుకుని ఉంటే?

మాస్టారు: అదేనమ్మా. ఇన్నేళ్ళూ నేను చీపురు, డస్టరు అని అందరికీ చెప్తూ తిరుగుతున్నాను, ఇప్పుడు నువ్వు ఆ నలుగురి చేతికే అన్నావు చూడు, అప్పుడు తట్టింది. వాడు రోజూ బాగా తుడిచేవాడు. మూలల్లో కూడా. నాకేసి చూసేవాడు కాదు.

(కాసేపు నిశ్శబ్దం)

టీచరమ్మ: మీ చేత ఎవరైనా బలవంతంగా సారీ చెప్పించి ఉంటే బాగుండేదేమో మాస్టారూ.

మాస్టారు: (నవ్వు) ఇప్పుడు నా వైపుకి వచ్చావా?

టీచరమ్మ: రాలేదు. అంటే... మీ విషయంలో కొంచెం వచ్చాను. మా వెనక బెంచీ వాడి సంగతి చెప్పలేదు కదా. మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి పెన్సిళ్ళన్నీ వాడు చెక్కి పెట్టాడు. నాలుగు పెన్సిళ్ళు. ఒకటి మరీ ఎక్కువ చెక్కేసి ఇంత ముక్క చేశాడు. దానికి ఆ పిల్ల గోల గోల, "టీచర్, వీడు నా పెన్సిల్ పాడు చేశాడు" అని. నేను మళ్ళీ సారీ చెప్పు అనబోయి నాలుక కరుచుకున్నాను.

మాస్టారు: మరి ఏమన్నావు?

టీచరమ్మ: ఏమీ అనలేదు, బెల్ కొట్టేశారు. ఆ అబ్బాయి పేరు గుర్తుందా మీకు?

మాస్టారు: గోళీ వాడిదా? ఇంటి పేరుతో సహా.

టీచరమ్మ: ఇప్పుడెక్కడుంటాడో...

మాస్టారు: మైకు ముందు వద్దమ్మా. ఆపమను ముందు.

టీచరమ్మ: సరే, బాబూ, ఆపెయ్. లేదు, ఆ పక్క బటన్...