ఈ వీడియోలో పిల్లలు కనిపించరు

అందరికీ నమస్తే. ఈసారి డాలస్ నుంచి కాదు, మా ఊరి నుంచి. ఆదివారం పొద్దున్న ఆరున్నర. వెనకాల కూస్తున్నది మా పక్కింటి కోడి. ఎడిటింగ్‌లో తీసేద్దామని చూశాను, నా మాటలు కూడా పోతున్నాయి. అందుకని ఉండనిచ్చాను.

"మీ ఊళ్ళో సాయంత్రం బడి నడుపుతున్నారు కదా అన్నా, పిల్లల్ని చూపించండి, వాళ్ళ చేత మాట్లాడించండి" అని చాలామంది అడిగారు. చూపించను. బదులుగా ఇవి చూడండి, నిన్న సాయంత్రం గుమ్మం దగ్గర తీసినవి. చెప్పులు. 31 జతలు, నేనే లెక్కపెట్టాను. అందులో ఒక జత మసకగా కనిపిస్తోంది కదా, కెమెరా తప్పు కాదు. సంగతి చివర్లో చెప్తాను. మిమ్మల్ని చివరిదాకా కూర్చోబెట్టడానికి వేసిన ఎత్తు అనుకున్నా నాకు ఫరవాలేదు.

విశాఖలో రైలెక్కి, శ్రీకాకుళం రోడ్ అనే బోర్డు చూసి దిగితే మనం నిలబడేది ఆముదాలవలసలో. అసలు శ్రీకాకుళం వెళ్ళాలంటే అక్కణ్ణించి మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలి. "మరి స్టేషన్‌కి ఆ పేరెందుకు పెట్టారు?" అని మా అమ్మాయి అడిగింది. నాకు నలభై రెండేళ్ళు, ఇప్పటిదాకా ఆ ప్రశ్న తట్టనే లేదు. మా ఊరు పొందూరు వైపు. పొందూరు ఖద్దరు తెలుసు కదా, దూదిని వాలుగ చేప దవడతో దువ్వి వడికే ఊరు. ఆ పని చేసే ఒకావిడ మా బడి నడిపే కమిటీలో ఉన్నారు. ఆవిణ్ణి నేను అప్పా అని పిలుస్తాను, చిన్నప్పటి నుంచి అలవాటు. ఈ రోజు కథలో ఆవిడది పెద్ద పాత్ర.

ఆ కమిటీ కూర్చుంటే డాలస్‌లో మేం దాన్ని బోర్డ్ మీటింగ్ అంటాం. ఇక్కడ కమిటీ అంటారు. మా అమ్మ మాత్రం పంచాయితీ అంటుంది. "ఏడింటికి మీ పంచాయితీ కదా, అంబలి తాగి వెళ్ళు" అని చోడి అంబలి గ్లాసు చేతిలో పెట్టింది. అక్కడ జరిగేది చూశాక అమ్మ మాటే సరైందేమో అనిపించింది.

బడి నడపడానికి సొసైటీ పెట్టాలంటే 2001 నాటి మన సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. నాలుగేళ్ళ కిందట ఆ ఏడుగురిలో నేనొకణ్ణి అయ్యాను. నిజం చెప్పాలంటే, అప్పుడు నా లెక్కలో కమిటీ అంటే ఫ్లెక్సీ మీద ఏడు ఫొటోలు. డబ్బు మేం పంపుతాం, పని టీచర్లు చేస్తారు, మధ్యలో ఈ సంతకాల తతంగం ఎందుకు అనుకునేవాణ్ణి. ఇక్కడ ఆదివారం పొద్దున్న ఏడు అంటే డాలస్‌లో ఎండాకాలం శనివారం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలం ఏడున్నర. అంటే సరిగ్గా ఎవరింట్లోనో భోజనాల టైము. చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో బిర్యానీ ప్లేటు. ఆ నాలుగేళ్ళలో నేను విన్నది ఎంతో, విన్నట్టు నటించింది ఎంతో మాస్టారికి బాగా తెలుసు. ఆయనే మా అధ్యక్షులు, రిటైరైన హెడ్మాస్టరు, నాకు ఆరో తరగతిలో లెక్కలు చెప్పినాయన. ఎదురుగా అరుగు మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. "ఏరా, ఇవాళ మ్యూట్ బటన్ లేదు" అన్నారు.

మీటింగ్ మొదలైతే ముందు పాత మినిట్స్ చదవాలి. మాస్టారు ప్రతి అక్షరం చదువుతారు, పేరాకి పేరాకి మధ్య ఆగి ఒక పాత సంగతి కూడా చెప్తారు. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆయనంటే ఎంత గౌరవమున్నా ఈ విషయంలో మాత్రం నేను మారను, అంత అవసరం లేదు.

తర్వాత లెక్కలు. మా కోశాధికారి బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. జిరాక్స్ తాలూకు 60 రూపాయల ఓచరు లేదు. నేను జేబులోంచి వంద తీశాను. ఆయన నా వైపు చూసిన చూపు రికార్డ్ చెయ్యనివ్వలేదు గానీ, చేసుంటే మీకు బాగా నచ్చేది. "బాబూ, డబ్బు తక్కువైందని కాదు, కాగితం తక్కువైందని చెప్తున్నాను" అన్నారు.

ఈయన వల్లే నాకు ఒక విషయం తెలిసింది. ఎన్నారైలందరూ తెలుసుకోవాల్సిందే కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను. మా స్నేహితుడొకడు మొదటి నుంచీ ప్రతి నెలా డబ్బు పంపేవాడు. పోయిన ఏడాది అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. డాలస్‌లో కేకు కోశాం, ఫొటోలు గ్రూపులో పెట్టాం. మర్నాడు పొద్దున్న కోశాధికారి గారి నుంచి వాడికి మెసేజ్: "శుభాకాంక్షలు బాబూ. ఇకనుంచి మీ డబ్బు తీసుకోలేం." వాడికి కోపం వచ్చింది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా అన్నాడు. ఓసీఐ ఉన్నా విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, లెక్కలో వాడు విదేశీయుడే. నా పాస్‌పోర్ట్ ఇంకా ఇండియాదే కాబట్టి నా సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకి రాదు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే ఆఫీసు, ఒకే రకం జీతం. తేడా పాస్‌పోర్టులో ఉంది. పోనీ మా కంపెనీ నేనిచ్చే డాలరుకి ఇంకో డాలరు కలుపుతుంది కదా, అది తీసుకుందాం అన్నాను. అదీ కుదరదు, కంపెనీ విదేశీది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే అన్నీ తీసుకోవచ్చు, కానీ సొసైటీకి కనీసం మూడేళ్ళు నిండాలి, గడిచిన మూడేళ్ళలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. ఆ తర్వాత ఆ డబ్బు కోసం ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే ఖాతా తెరవాలి. మా మూడేళ్ళ ఖర్చు అందులో సగం కూడా ఉండదు. మా వాడు నెల రోజులు అలిగి, ఇప్పుడు వారానికొకసారి పిల్లలకి ఫోన్‌లో భిన్నాలు చెప్తున్నాడు. దానికి పాస్‌పోర్ట్ అడగరు.

టీ వచ్చింది, పకోడీలు వచ్చాయి. ఇక్కడ ఒక కట్ ఉంటుంది, నేను ఎక్కువ తిన్నాను.

అసలు గొడవ తర్వాత మొదలైంది. మా దగ్గర ఇద్దరు టీచరమ్మలు ఉండేవారు. ఒకమ్మాయికి 2025 మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మొత్తం 16,347 పోస్టుల్లో ఒకటి మా బడి అరుగు మీద చదువుకున్న పిల్లకి దక్కిందంటే ఎవరికి సంతోషం ఉండదు! ఊరంతా స్వీట్లు పంచారు. వారం తర్వాత చూస్తే మాకు మిగిలింది ఒక్క టీచరు, 31 మంది పిల్లలు. ఆ ఒక్కరి రెండు గంటలు దేనికి వాడాలన్నదే ప్రశ్న.

నేను తయారై వచ్చాను. ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు కూడా ఉన్నాయి. నా ప్లాను ఎన్‌ఎంఎంఎస్. ఎనిమిదో తరగతిలో రాసే స్కాలర్‌షిప్ పరీక్ష అది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏటా 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. తర్కం ప్రశ్నలు 90, పాఠాల ప్రశ్నలు 90. మా దగ్గర ఎనిమిది చదువుతున్నవాళ్ళలో చురుకైన ఆరుగుర్ని తీసుకుని గట్టిగా తోమితే నలుగురైనా నెగ్గుతారు. నలుగురు అంటే చెప్పుకోవడానికి ఒక అంకె. డాలస్‌లో దసరా పార్టీలో ఆ అంకె చెప్తే ఇంకో పది మంది చేరతారు.

అప్ప అంతా విన్నారు. తర్వాత అడిగారు: "తమ్ముడూ, మా గుంటడు కూడా ఎనిమిదే. తెలుగు కూడబలుక్కుని సదువుతాడు. ఆడి సంగతేటి మరి?"

నా స్లైడ్లలో ఆ గుంటడు లేడు.

చదవడం రానివాళ్ళు ఎంతమంది అని మాస్టారు హాజరు పుస్తకం తీశారు. ఆరు నుంచి ఎనిమిది దాకా చదువుతున్నవాళ్ళలో పదకొండు మంది. వాళ్ళ పేర్ల పక్కన ఆబ్సెంట్లు కూడా ఎక్కువే. కారణం అడగక్కర్లేదు, మా జిల్లాలో ప్రతి ఊరికీ తెలుసు. అమ్మానాన్నా హైదరాబాద్‌లో బిల్డింగు పనుల్లో, తీరం వైపు ఊళ్ళైతే నాన్న గుజరాత్ వేరావల్ పడవల మీద, పిల్లలు అమ్మమ్మ దగ్గర. సంక్రాంతికి అమ్మా నాన్నా వస్తారు, వెళ్ళేటప్పుడు ఒక్కోసారి పిల్లల్నీ తీసుకుపోతారు. మూడు నెలలకి పిల్లలు తిరిగొస్తారు, పాఠం మాత్రం వాళ్ళ కోసం ఆగి ఉండదు.

నేను వాదించాను. అంకెలు లేకపోతే డబ్బు రాదన్నాను. కోశాధికారి నా పక్షం వస్తారనుకున్నాను, ఆయన పకోడీ నములుతూ, "డబ్బు కోసం పిల్లలా, పిల్లల కోసం డబ్బా?" అనలేదు. అలాంటి డైలాగులు చెప్పే మనిషి కాదు. "పోయిన ఏడాది ట్యాబ్లెట్లకి ఎంత అయింది?" అని మాత్రం అడిగారు. ఆ పది ట్యాబ్లెట్లు నేను పట్టుబట్టి కొనిపించినవే. ఇప్పుడు బీరువాలో ఉన్నాయి, ఛార్జర్లు విడిగా ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. కావాలంటే బీరువా చూపిస్తాను, దానికి అభ్యంతరం లేదు.

ఒప్పందం ఏమీ తెమల్లేదు, మూడు నెలలు చూద్దాం అన్నారు. మొదటి గంట అందరికీ చదవడం, రాయడం. ఎన్‌ఎంఎంఎస్ ఆదివారాలు మాత్రమే, రాయాలనుకున్న ఎవరైనా కూర్చోవచ్చు, ఆరుగురే అని గీత గియ్యకూడదు. నా మనసుకి ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. ఆదివారం ఒక్కపూట చాలదు. మినిట్స్‌లో నా అభ్యంతరం రాయించాను కూడా.

ఇంకొక విషయం త్వరగా చెప్పేస్తాను. సీతంపేట వైపు కొండ ఊళ్ళో ఇంకో సెంటర్ పెట్టమని డాలస్ మిత్రులు అడుగుతున్నారు. కమిటీలో ఉన్న లాయరు గారు ఒకే ప్రశ్న వేశారు: "సవర మాట్లాడే టీచరు దొరికిందా?" దొరకలేదు. సవర అంటే అక్కడి గిరిజనుల భాష. గిడుగు రామమూర్తి గారు మన జిల్లా బిడ్డే, 1863లో పర్వతాలపేటలో పుట్టారు. వ్యావహారిక భాష ఉద్యమం ఆయన పేరు చెప్పగానే గుర్తొస్తుంది. అంతకుముందే ఆయన సవర నేర్చుకుని, సవరలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి టీచర్లకి జీతాలిచ్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. వందేళ్ళు దాటాక మేం వెళ్ళి కొండమీద తెలుగులో మొదలుపెడితే ఏం బాగుంటుంది? టీచరు దొరికాకే సెంటర్ అని తీర్మానం. ఇందులో నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు చెప్పుల సంగతి.

మూడేళ్ళ కిందట, సెలవుకి వచ్చినప్పుడు, నేను ఒక వీడియో తీశాను. ఒక బిడ్డ గురించి. ఆడపిల్లో మగపిల్లాడో కూడా చెప్పను. ఆ ఇంటి కష్టం, అమ్మానాన్నల సంగతి, వెనకాల వయొలిన్ మ్యూజిక్. అప్పుడు ఏమేం చెప్పానో ఇప్పుడు మళ్ళీ చెప్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు. డాలస్‌లో ఒక్క రాత్రిలో ఆరు నెలలకి సరిపడా డబ్బు పోగైంది. ఆ వీడియో వాట్సాప్‌లో ఖండాలు తిరిగి మా ఊరికే వచ్చింది. బడిలో తోటి పిల్లలు అందులో మాటలే అని ఏడిపించారు. ఆ బిడ్డ రావడం మానేసింది, సాయంత్రం బడికే కాదు, పగటి బడికి కూడా.

మాస్టారు రోజూ వాళ్ళింటికి వెళ్ళారు. ఆ తల్లి అడిగిందట: "మా ఇంటి గుట్టు అమెరికాలో అమ్మీసినారా మాస్టారూ?"

ఆ మాట ఆయన నాకు వెంటనే చెప్పలేదు. బిడ్డ మళ్ళీ బడికి రావడం మొదలయ్యాక చెప్పారు. అప్పుడే కమిటీ ఒక తీర్మానం చేసింది. పిల్లల ముఖాలు, పేర్లు, ఇంటి సంగతులు ఏ వీడియోలోనూ, ఏ ఫొటోలోనూ వాడకూడదు. డబ్బు వచ్చినా సరే, రాకపోయినా సరే. నేను ఫోన్‌లో ఉన్నాను. సమ్మతమైనవాళ్ళు చెయ్యెత్తమన్నారు. నేను ఎత్తాను. "నువ్వు నోటితో చెప్పరా, మాకు కనిపించట్లేదు" అన్నారు మాస్టారు. చెప్పాను.

అందుకే ఈ వీడియో కూడా పెట్టేముందు ఆయనకి పంపాను. రెండు చోట్ల కట్ చెయ్యమన్నారు. మొదటిది, ఆయన్ని పొగుడుతూ నేను చెప్పిన మూడు నిమిషాలు. తీసేశాను. రెండోది ఆ చెప్పుల దగ్గర. పాజ్ చేసి, స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఈ జత ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలిసిపోతుందిరా" అన్నారు. నేను పదిసార్లు చూసిన షాటే, నాకు తట్టలేదు. మళ్ళీ చూస్తే ఆయన అన్నది నిజమే. ఎలా తెలిసిపోతుందో మీకు చెప్తే ఇక మసక చేసి లాభం లేదు.